కుండ మీద కాపురం

పిండిలో ముంచిన గుడ్డ కుండ మీదుగా ఇలా వెళ్లి అలా వచ్చేసరికి రేకు తయారు. రెప్ప వేస్తే చూడలేం. కింద మంట సెగకు పిండిలోని నీరు చుయ్యిమని ఆవిరైపోయి కుండ వీపు మీద ఒక పొర మిగులుతుంది. కొన్ని క్షణాలకు దాని అంచు దానంతటదే లేస్తుంది. రెండు వేళ్లతో అందుకుని లాగితే ఊడి వస్తుంది. వెలుతురుకు అడ్డం పెడితే అవతలి మనిషి మసగ్గా కనిపిస్తాడు. ఆ రేకును పక్కన పేర్చడం, గుడ్డను మళ్లీ పిండిలో ముంచడం, మళ్లీ కుండ మీద పరచడం. పొద్దున ఇంటిపని ముగించుకుని కుండ ముందు కూర్చున్న ఆడమనిషి అన్నం వేళకు లేచేలోపు చెయ్యి ఎన్ని వందలసార్లు అటూ ఇటూ తిరిగిందో ఆమె లెక్కపెట్టుకోదు. పక్కన పెరిగిన రేకుల కట్టే ఆ లెక్క చెబుతుంది.

ఆత్రేయపురం అనగానే తెలుగువాళ్లకు ముందు నోట్లో నీళ్లూరతాయి, ఊరు ఎక్కడుందన్న సంగతి తర్వాత గుర్తుకొస్తుంది. ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లా, 2022 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. పెళ్లికో పండక్కో, అల్లుడు వస్తున్నాడనో ఇంట్లో సరదాపడి చేసుకున్న పూతరేకు అనే పిండివంట ఇక్కడ ఊరికి ఊరే చేసే వృత్తి అయింది. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 

ఇంట్లో కాలక్షేపంగా చేసేది చూస్తూ చూస్తూ సంపాదన కావడం యూట్యూబు తెచ్చిన కొత్త వింత అని మనం మాట్లాడుకుంటున్నాం. అత్తాకోడళ్లు వంట చేస్తుంటే కొడుకు వీడియో తీస్తాడు, నెల తిరిగేసరికి ఖాతాలో డబ్బు పడుతుంది, అందరూ ముక్కున వేలేసుకుంటారు. ఆత్రేయపురం ఆ దారిలో ఫోన్లు రాకముందే నడిచింది. సరదా వృత్తిగా మారినప్పుడు డబ్బు ఎవరి చేతికి వెళుతుంది, పేరు ఎవరికి వస్తుంది అన్నది కూడా ఈ ఊరు చూసేసింది. అందుకే ఇప్పుడు కుండ పక్కకు ఫోను స్టాండు చేరిన వేళ, ఆ పాత కథ ఒకసారి చెప్పుకోవాలి.

కాలువ గట్టు సరంజామా

రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చేవాళ్లు ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కి, బొబ్బర్లంక దగ్గర ఎడమకు తిరిగి రావులపాలెం రోడ్డు పడతారు. పక్కనే మధ్య డెల్టా ప్రధాన కాలువ. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక కోనసీమ పొలాలకు నీళ్లు తెచ్చింది ఈ కాలువల అల్లికే. సినిమావాళ్లకు ఇష్టమైన లొల్ల లాకులు ఆత్రేయపురం మండలంలోవే. జగన్మోహినీ కేశవస్వామి కొలువైన ర్యాలి, శనివారం వస్తే ఇసకేస్తే రాలనంత జనంతో నిండే వాడపల్లి వెంకన్న గుడి కూడా ఇక్కడివే. ఏడు శనివారాల మొక్కు మొక్కుకున్నవాళ్లు ఏడుసార్లు వస్తారు. వచ్చినప్పుడల్లా ఇంటికి ఉత్త చేతులతో వెళ్లరు.

పూతరేకు ఇక్కడే ఎందుకు నిలదొక్కుకుంది? ఏ వేల్పు వరమో అనుకోనక్కర్లేదు, చుట్టూ చూస్తే చాలు. బియ్యం పొలంలో ఉంది. పాడి ఉంది కనుక నెయ్యి ఉంది. అన్నిటికీ మించి మంట ఉంది. కుండ కింద బొగ్గుల సెగ పనికిరాదు, భగ్గుమనే పెద్ద మంటా పనికిరాదు. చప్పున అందుకుని, చెయ్యి చెప్పినట్టు తగ్గి హెచ్చే మంట కావాలి. ఎండిన కొబ్బరాకు అందుకు పెట్టింది పేరు. ఒక రెమ్మ తోస్తే సెగ పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. కోనసీమలో ఎండు కొబ్బరి మట్టకు కొదవేముంది, దొడ్లో నడిస్తే కాలికి తగులుతుంది. నగరంలో గ్యాసు పొయ్యి మీద రేకు తీద్దామని ఉబలాటపడి చేతులెత్తేసినవాళ్లకు ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఇక కుండ. మామూలు అన్నం కుండ కాదు, ఈ పనికోసమే చేయించుకునేది. అడుగు భాగం గుండ్రంగా, నున్నగా ఉండాలి. ఎక్కడ చిన్న గరుకున్నా రేకు అక్కడ పట్టుకుని చిరుగుతుంది. కొత్త కుండ మొదటిరోజే మాట వినదు. నూనె రాసి, కాల్చి, మళ్లీ రాసి, పిండి పూసి, పాడైపోయిన రేకులు కొన్ని పక్కన పడేశాక దారికి వస్తుంది. అలా మచ్చికైన కుండ పగిలితే ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ నవ్వరు.

పిండి సంగతికొస్తే, బియ్యం నానబోసి, మెత్తగా రుబ్బి, నీళ్లలా జారేటట్టు పలచన చేస్తారు. చిక్కనైతే రేకు మొద్దుగా వస్తుంది, మరీ పలచనైతే చిల్లులు పడుతుంది. ఈ రెండింటి మధ్య సన్నటి హద్దు ఏ కొలగిన్నెకూ అందదు. గుడ్డ ముంచి ఎత్తినప్పుడు కారే ధారను చూసి చెయ్యి గుర్తుపడుతుంది. వంటల పుస్తకాల్లో పూతరేకుల పేజీ చదివి రేకు తీసినవాళ్లు నాకింతవరకు తారసపడలేదు.

అన్ని బియ్యాలూ పొర కట్టవు. ఇక్కడ అడిగితే ఎవరైనా చెప్పే పేరు ఒకటే, జయ. బియ్యపు పిండిలో అమైలోజ్ అనే పదార్థం పాలు ఎక్కువున్నప్పుడు అది వేడికి ఉడికి, తడి ఆరగానే గట్టి పొరగా బిగుస్తుంది. అది తక్కువైన బియ్యం జిగురుజిగురుగా కుండకే అంటుకుపోతుంది. ఇక్కడో చిత్రం ఉంది. పూతరేకును మనం తాతముత్తాతల నాటి వంటగా చెప్పుకుంటాం, తప్పేమీ లేదు. కానీ జయ వయసు అరవై ఏళ్లు కూడా లేదు. తైవాన్ నుంచి వచ్చిన పొట్టి వరి తైచుంగ్ నేటివ్–1ను మన టి–141తో కలిపి, అఖిల భారత సమన్వయ వరి పరిశోధన పథకం శాస్త్రవేత్తలు రూపొందించిన రకం అది. 1968లో విడుదలైంది. దేశం తిండిగింజల కొరతతో కిందామీదా పడుతున్న రోజుల్లో దిగుబడి కోసం పుట్టిన వరి, ఏ ప్రయోగశాల చెప్పకుండానే గోదావరి ఆడవాళ్ల చేతిలో మిఠాయికి పనికొచ్చింది. అంతకుముందు వేరే బియ్యంతో చేసుకుని ఉంటారు. కొత్తది రాగానే కుండ మీద వేసి చూసి, బావుందనుకుని, పాతదాన్ని వదిలేశారు. సంప్రదాయం కదలకుండా కూర్చుంటుందని ఎవరన్నా అంటే వాళ్లకు ఆత్రేయపురం కుండ చూపించాలి.

పేరు లేని మూలపురుషుడు

గోదావరి మిఠాయిలకు సాధారణంగా ఒక మనిషి పేరు తగిలి ఉంటుంది. కాకినాడ గొట్టం కాజా అంటే కోటయ్య. తాపేశ్వరం మడతకాజా అంటే పోలిశెట్టి సత్తిరాజు. వాళ్ల దుకాణాలు, వాళ్ల వారసులు, గోడ మీద దండ వేసిన ఫొటోలు అన్నీ ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకుకు అలాంటి ఫొటో లేదు. ఎవరో ఒక పెద్దావిడ మొదలుపెట్టిందని ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. ఏ కథలోనూ నిలబడే పేరు ఉండదు.

దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కాజా పుట్టుకతోనే అంగడి సరుకు. బజారులో పుట్టింది, బజారు మనిషి పేరు పెట్టుకుంది. పూతరేకు పెరట్లో పుట్టింది. పెళ్లివారింటికి సారెలో వెళ్లింది, పురిటింటికి వెళ్లింది, పట్నంలో చదువుకునే పిల్లాడి పెట్టెలో బట్టల మధ్య వెళ్లింది. అమ్మేది కాదు కనుక సంతకం అవసరం లేకపోయింది. "ఫలానా వాళ్ల ఇంట్లో రేకు బాగా తీస్తారు" అన్న మాట ఊరి పొలిమేర దాకా వెళ్లి ఆగేది. ఇంకో వీధివాళ్లు కబురు చేస్తే వచ్చి చేసిపెట్టేవారు. చేతికి కొంత బియ్యమో, చీరో, డబ్బో పెట్టేవారు. సరదాకూ వృత్తికీ మధ్య గడప ఇదే. ఎవరు ఏ రోజు దాటారో ఎవరూ రాసిపెట్టుకోలేదు.

తర్వాత రావులపాలెం మీదుగా జాతీయ రహదారి రద్దీ పెరిగింది, కార్లు పెరిగాయి, హైదరాబాదులో స్థిరపడ్డ గోదావరివాళ్లు పెరిగారు. కాలువ గట్టున కొట్లు లేచాయి. అడిగిందల్లా దొరికే కాలం వచ్చింది.

"అక్కా, బెల్లంవి ఉన్నాయా?"

"ఉన్నాయండి. నెయ్యివి, డ్రై ఫ్రూట్‌వి కూడా ఉన్నాయండి. ఒకటి రుచి చూడండి ముందు."

చూశాక కొనకుండా వచ్చినవాళ్లు అరుదు. ఇప్పుడు పంచదార పొడితో, బెల్లంతో, జీడిపప్పు బాదం పలుకులతో, చక్కెర లేనివి, చాక్లెట్‌వి అని రకరకాలు. చాక్లెట్ పూతరేకు గురించి నా అభిప్రాయం మాత్రం అడక్కండి. నెయ్యి వాసన మధ్యలో దానికేం పని అని తిట్టుకుంటూనే పిల్లల కోసం ఓ పెట్టె కొనుక్కొచ్చిన వాణ్ని నేనూ.

రేకు ఒకరిది, చుట్ట ఇంకొకరిది

బయటివాళ్లకు అంతగా తెలియని విషయం ఒకటుంది. రేకు తీసే ఇల్లు, చుట్టే ఇల్లు, అమ్మే కొట్టు చాలాసార్లు వేరువేరు. ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆడవాళ్లు ఇళ్ల దగ్గర ఖాళీ రేకులు తీసి, కట్టలు కట్టి, వందల లెక్కన కొట్లకు వేస్తారు. కొట్టులో ఇంకొందరు ఆడవాళ్లు వరసగా కూర్చుని చుడతారు. తడిగుడ్డతో రేకును తాకించి మెత్తబరుస్తారు. అదీ ఒక ఒడుపే. తడి ఎక్కువైతే ముద్ద, తక్కువైతే ముక్కలు. రెండు మూడు రేకులు ఒకదానిమీద ఒకటి పరచి, కరిగిన నెయ్యి చిలకరించి, పొడి చల్లి, అంచులు లోపలికి మడిచి, చకచకా చుట్టేస్తారు. ఆ తర్వాత పెట్టె, పెట్టె మీద బొమ్మ, బొమ్మ మీద కొట్టు పేరు.

పని ఇలా ముక్కలైంది కనుకే ఇది ఇంటింటి వృత్తి కాగలిగింది. కుండా పొయ్యీ దొడ్లో ఉంటాయి. చంటిబిడ్డ ఉయ్యాల కనుచూపు మేరలో ఉంటుంది. పొలం పనుల రోజుల్లో పొలం, లేని రోజుల్లో కుండ. పెట్టుబడి స్వల్పం, పని గంటలు తన చేతిలోవి. భర్త కొబ్బరి మట్టలు మోసుకొస్తాడు, అత్తగారు పిండి చూసుకుంటారు, బడి నుంచి వచ్చిన పిల్ల రేకులు లెక్కపెట్టి కట్ట కడుతుంది. పదిమంది పనివాళ్లను పెట్టి ఫ్యాక్టరీలా నడపగలిగే పనైతే ఈ వంట ఎప్పుడో ఏ పెద్ద సంస్థ చేతిలోకో పోయేది. యంత్రానికి లొంగని రేకు, ఇంటి దినచర్యలో ఇమిడిపోయే పని. ఈ రెండూ కలిసి ఆత్రేయపురాన్ని కాపాడాయి.

అయితే ఆ ముక్కల్లోనే మెలిక కూడా ఉంది. ఈ మొత్తం గొలుసులో నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టేది రేకు తీయడం. పొగ మింగేది, సెగకు ముంజేతులు కాల్చుకునేది, గంటల తరబడి కదలకుండా కూర్చుని నడుము పట్టేసుకునేది ఆ మనిషే. చుట్టడం కొన్నాళ్లకు అలవాటవుతుంది. అమ్మడం మాటకారితనం ఉంటే వస్తుంది. కానీ వినియోగదారుకు ఎదురుపడేది అమ్మే మనిషి, పెట్టె మీద పేరు అమ్మే మనిషిది, ధర నిర్ణయించేదీ ఆ మనిషే. రేకు తీసిన ఆవిడ ఆ కట్టను గడప దాటించగానే కథలోంచి తప్పుకుంటుంది. కొట్టువాళ్లను ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వాళ్లు లేకపోతే ఈ వంట ఊరు దాటేది కాదు, రేకు తీసే ఇంటికి రోజువారీ పనీ దొరికేది కాదు. కానీ చెయ్యి ఎవరిదో తెలియని సరుకుగా పూతరేకు ఎదిగిందన్నది మాత్రం నిజం.

కాగితం మీద ఊరు

భౌగోళిక గుర్తింపు కోసం దరఖాస్తు వెళ్లింది 2021లో, సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం తరఫున. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం చేదోడుగా నిలిచింది. 2023లో గుర్తింపు ఖాయమైంది. అంతకుముందు మన మిఠాయిల్లో తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో ఇలాంటి గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డూ వరకు చేసేది ఒక్కరే, తిరుమల తిరుపతి దేవస్థానం. ఎవరికి హక్కు అన్న ప్రశ్నే లేదు. ఆత్రేయపురంలో చేసేవాళ్లు వీధికొకరు. హక్కు సంఘం పేరున నమోదైనా, దాన్ని వాడుకునేది ఇళ్లూ కొట్లూ.

దీంతో ఒరిగేదేమిటి? ఇకమీదట వేరే ఊళ్లో చేసిన సరుకు మీద ఆత్రేయపురం పేరు వేసి అమ్మితే చట్టం ఒప్పుకోదు. రహదారుల పక్కన, బస్టాండుల్లో, పెద్ద పట్నాల్లో ఆ పేరుతో కనిపించే బోర్డులన్నిటికీ ఆ ఊరితో బంధుత్వం ఉందా అని అడిగే వీలు చిక్కింది. అయితే అడగాల్సింది ఎవరు? పోలీసు వచ్చి తనంతట తాను అడగడు. సంఘమే కన్నేసి ఉంచాలి, నోటీసులివ్వాలి, అవసరమైతే కోర్టుకెక్కాలి. అదంతా ఖర్చుతో కూడిన వ్యవహారం.

చట్టంలో ఇంకో గది ఉంది. దాని తలుపు తట్టేవాళ్లు తక్కువ. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం ఊరి పేరు నమోదు కావడమే కాదు, దాన్ని వాడుకునే ఒక్కో ఉత్పత్తిదారూ అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేయించుకోవచ్చు. ఉత్పత్తిదారు అంటే ఎవరన్న నిర్వచనంలో సరుకు తయారుచేసేవాళ్లే కాదు, దాని వ్యాపారం చేసేవాళ్లు కూడా వస్తారు. అంటే కుండ ముందు కూర్చున్న మనిషీ, గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషీ చట్టం కళ్లకు ఇద్దరూ సమానమే. కానీ దరఖాస్తు నింపడానికి తీరిక, చదువు, ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటాయో వేరే చెప్పాలా.

స్టాండు మీద ఫోను

ఇప్పుడు ఫోను సంగతికి వద్దాం. పూతరేకు కెమెరా కోసమే పుట్టిందా అనిపిస్తుంది. గుడ్డ కదలిక, ఆవిరి చుయ్యిమనడం, గాజులాంటి పొర లేవడం అన్నీ కొన్ని క్షణాల్లో అయిపోతాయి. కాగితాన్ని తినే మిఠాయి అంటూ భాష తెలియనివాళ్లు కూడా నోరు తెరుచుకుని చూస్తారు. దేశం నలుమూలల నుంచీ తిండి వీడియోలు తీసేవాళ్లు కాలువ గట్టుకు దిగుతున్నారు. ఒక పూట ఉంటారు, కుండ చుట్టూ తిరిగి తీసుకుంటారు, వెళ్లిపోతారు. ఆ వీడియోలు కొన్ని చూడండి. చేతులు కనిపిస్తాయి, గాజులు కనిపిస్తాయి, మంట కనిపిస్తుంది. ఆవిడ పేరు ఎక్కడా కనిపించదు. యూట్యూబు మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటనల ఆదాయంలో 55 శాతం వీడియో పెట్టినవాళ్లకు ఇస్తుంది. వీడియోలో ఉన్నవాళ్లకు ఏమిస్తారన్నది పెట్టినవాళ్ల మర్యాద మీద ఆధారపడిన సంగతి. పెట్టె మీద పేరు లేని మనిషికి తెర మీద కూడా పేరు లేకుండా పోతోందన్నమాట.

దీనికి విరుగుడు కూడా ఆ ఫోనులోనే ఉందని తెలుగు పల్లెలు ముందే చూపించాయి. 2016లో మస్తానమ్మ అనే ముసలావిడ వంటను ఆమె మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి సరదాగా వీడియో తీశారు. అదే కంట్రీ ఫుడ్స్ యూట్యూబు ఛానెల్ అయింది. నూరేళ్లు దాటిన మస్తానమ్మ పుచ్చకాయలో కోడికూర వండితే ప్రపంచం చూసింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూస్తే ఎక్కడెక్కడి పత్రికలూ వార్త రాశాయి. ఆ ప్రపంచానికి ఆమె వంటే కాదు, ఆమె పేరూ తెలుసు, బోసినవ్వూ తెలుసు, పడ్డ కష్టాలూ తెలుసు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షో అనే యూట్యూబు ఛానెల్‌లో పొలం పనులు చేసుకునే గంగవ్వ నటించింది. 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లేంత పేరు తెచ్చుకుంది. రెండుచోట్లా కెమెరా పట్టింది బయటి నుంచి పూట కోసం వచ్చిన మనిషి కాదు, తనవాళ్లే. అక్కడే తేడా.

కోనసీమ ఇంట్లో ఇది ఎలా సాగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. "అత్తయ్యగారూ, కాస్త ఇటు తిరగండి, ముఖం పడట్లేదు" అని కోడలంటే, "నా ముఖానికేం గానీ, రేకు మాడిపోతుంది, అడ్డు లే" అని అత్తగారు కసురుతారు. ఆ కసురే వీడియోకు ప్రాణం. వంట నేర్పే వీడియోలు కోకొల్లలు. ఒక కాపురం తన పని తాను చేసుకుపోతుంటే చూసే భాగ్యం అరుదు, జనం దానికోసమే వస్తారు. 

డబ్బు సంగతి మాత్రం కాస్త నిదానంగా చూసుకోవాలి. మామూలు వీడియోలతో ప్రకటనల ఆదాయంలో వాటా మొదలు కావాలంటే వెయ్యిమంది చందాదారులుండాలి, ఏడాదిలో నాలుగు వేల గంటలపాటు జనం మన వీడియోలు చూసి ఉండాలి. ఆ గీత దాటాక కూడా తెలుగు వీడియోకు వచ్చే ప్రకటన రేటు చూసి ఉద్యోగాలు మానేసుకోకూడదు. వంటింటి వీడియోలతో కోటీశ్వరులైన వాళ్ల కథలు నలుగురి నోళ్లలో నానుతాయి, గీత దగ్గరే ఆగిపోయినవాళ్ల కథలు ఎవరూ చెప్పరు. 

ఆత్రేయపురం ఇంటికి అసలు లాభం వేరేచోట ఉంది. వీడియో కింద ఇంటి ఫోను నంబరు ఉంటే ఆర్డరు నేరుగా ఇంటికే వస్తుంది. అమెరికాలో ఉన్న మేనల్లుడి స్నేహితుడు, బెంగళూరులో పెళ్లి పెట్టుకున్నవాళ్లు, ఎవరైనా కావచ్చు. పూతరేకు తడిలేని సరుకు, తేలిక. జాగ్రత్తగా పెట్టెలో సర్దితే దూరాలకు వెళుతుంది. రేకు తీసిన చేతికీ కొన్న చేతికీ మధ్య గొలుసు చిన్నదవుతుంది. అప్పుడు కోడలి ఫోను సరదా, అత్తగారి కుండ పని ఒకే ఇంటి పద్దులోకి వస్తాయి.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. ఇల్లు తెరకెక్కితే ఇంటి గుట్టు ఎంతవరకు చూపాలన్నది ఒకటి. పిల్లలను వీడియోలోకి లాగడం మరొకటి. బడినుంచి వచ్చిన పిల్ల రేకులు లెక్కపెడితే అది ఇంటిపనిలో సాయం, రోజూ కెమెరా ముందు లెక్కపెట్టమంటే అది కొలువు. పైగా ఆహారం అమ్ముతున్నప్పుడు చిన్న ఇంటికైనా ఆహార భద్రతా నమోదు తప్పదు, పెట్టె మీద ఆ సంఖ్య వేయాలి, తయారైన తేదీ వేయాలి. సరదాగా మొదలైంది కదా అని ఊరుకునే చట్టం కాదది. రాత్రి పదింటికి ఫోను చేసి నెయ్యి అసలుదేనా అని నిలదీసే వినియోగదారుడికి జవాబు చెప్పుకోవడం ఇంకో పని. వాళ్లలో కొందరు వీడియో చూసిన చనువుతో "పిన్నిగారూ" అని పిలిచి మరీ బేరమాడతారు.

కొనేవాళ్లం మనం చేయగలిగిందీ కొంత ఉంది. కాలువ గట్టున బండి ఆపినప్పుడు చుట్టినవాటితోపాటు ఖాళీ రేకుల కట్ట ఒకటి అడగండి, అమ్ముతారు. ఇంటికి తెచ్చుకుని, తడిగుడ్డ అద్ది, మీ నెయ్యి, మీ బెల్లం తురుము, కాస్త యాలకుల పొడి వేసి చుట్టుకోవచ్చు. మొదటి నాలుగైదు పొడిపొడైపోతాయి, గిన్నెలో వేసుకుని చెంచాతో తినేయండి, రుచికేం తక్కువ కాదు. రేకు మంచిదా కాదా అన్నది చుట్టిన పూతరేకులో దాక్కుంటుంది. నెయ్యి, పంచదార ఎన్ని తప్పులనైనా కప్పేస్తాయి. ఖాళీ రేకు దాచలేదు. వెలుతురుకు పట్టి చూస్తే అంతటా ఒకే పలచన ఉందా, చిల్లులున్నాయా, అంచు మాడిందా ఇట్టే తెలుస్తుంది. నచ్చితే ఈ కట్ట ఏ ఇంటిదని కొట్టులో అడగండి. చాలాసార్లు చెబుతారు. ఆ ఇల్లు ఒక్కోసారి వెనక వీధిలోనే ఉంటుంది.

భౌగోళిక గుర్తింపు దరఖాస్తు తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ రుసుము కట్టి పొడిగించుకోవాలి. ఆత్రేయపురం పూతరేకుకు ఆ గడువు 2031లో వస్తుంది. అధీకృత వినియోగదారుల నమోదుకు అంతవరకు ఆగనక్కర్లేదు, ఎప్పుడైనా చేసుకోవచ్చు. వీడియో పెట్టడం నేర్చుకున్న కోడలికి ఆ దరఖాస్తు నింపడం పెద్ద కష్టం కాదు, అందులో రాయాల్సింది అత్తగారి పేరు.